కడుపులో పోలమ్మ ఉన్న ఏటీఎం

నేను ఒక అట్టపెట్టెను. అగ్గిపెట్టె, మిఠాయిపెట్టె లాంటి చిల్లర సంతతి కాదు నాది. నిలబెడితే మనిషికన్నా జానెడు ఎత్తుంటాను. బతుకులో మూడు ఉద్యోగాలు చేశాను. మొదటిదాంట్లో ఫ్రిజ్ మోశాను, రెండోదాంట్లో దుమ్ము మోశాను, మూడోదాంట్లో బ్యాంకునయ్యాను. మనుషుల్లో ఎవరైనా ఇంత పైకొస్తే శాలువా కప్పి సన్మానపత్రం చదువుతారు. నాకెవరూ చదవలేదు కనక నా గురించి నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

నేను పుట్టింది గోదావరి దగ్గర ఒక మిల్లులో. మీరు చదివి పారేసిన పేపర్లు, పెళ్ళిళ్ళు అయిపోయిన శుభలేఖలు, ఎవరూ తెరవని మేనిఫెస్టోలు, పదో తరగతి తప్పిన పిల్లల జవాబు పత్రాలు, అన్నీ కలిపి నానబెట్టి, రుబ్బి, ఒత్తి నన్ను తయారుచేశారు. అందుకే నాకు లోకంలో అన్ని విషయాలూ తెలుసు, ఒక్కటీ పూర్తిగా తెలీదు. ఈ అర్హతతో నేను ఏ టీవీ చర్చలోనైనా కూర్చోవచ్చు, కానీ నన్ను ఫ్రిజ్ కంపెనీకి పంపారు.

ఆ ఫ్రిజ్‌ని కడుపులో పెట్టుకుని, లారీలో కుదుపులన్నీ నేనే తిని, పలాసలో కూర్మారావు గారి ఇంటికి చేరాను. కూర్మారావు గారిది జీడిపప్పు ఫ్యాక్టరీ. ఫ్రిజ్‌కి బొట్టుపెట్టి హారతిచ్చి వంటింట్లోకి తీసుకెళ్ళారు. నన్ను పెరట్లోకి విసిరారు. కూర్మారావు గారి భార్య ఏ వస్తువునీ పారేసే మనిషి కాదు. 'ఎప్పుడైనా పనికొస్తుంది' అని నన్ను ఫ్యాక్టరీ గొడౌన్‌కి పంపించింది. అక్కడ చిరిగిన గోనెసంచులు నాలో కుక్కారు. అది నా రెండో ఉద్యోగం. దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళంతా ఆడవాళ్ళే, వాళ్ళ మీద అరిచేవాళ్ళు మాత్రం మగవాళ్ళు. జీడిపిక్క పైకి ఎంత బుద్ధిగా కనిపిస్తుందో లోపల అంత మొండిది. దాని తొక్కలో ఒక నూనె ఉంటుంది, ఒంటి మీద పడితే కాలుతుంది. అందుకని పిక్కలు కొట్టే ఆడవాళ్ళు చేతులకు బూడిద రాసుకుని కూర్చుంటారు. అయినా ఏళ్ళతరబడి కొడితే వేళ్ళ మీద గీతలు అరిగిపోతాయి. ఊళ్ళో బ్యాంకు తరఫున డబ్బులిచ్చే దుకాణంలో వేలిముద్ర మిషన్ ఉంది. లోకంలో అందరూ వేలు పెడితే డబ్బులిస్తుంది. వీళ్ళు వేలు పెడితే నువ్వెవరో నాకు తెలీదంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కష్టపడినందుకు వీళ్ళకు దొరికిన బహుమతి అది. ఇక మిగిలిన దారి ఏటీఎం కార్డు. కార్డులన్నీ మొగుళ్ళ జేబుల్లో ఉన్నాయి.

జీతాల రోజు పక్కనే ఉన్న కాశీబుగ్గలో ఏటీఎం ముందు మగవాళ్ళు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, తలలు దువ్వుకుని, పెళ్ళికి వచ్చిన మగపెళ్ళివారిలా నిలబడి ఉంటారట. పిక్కలు కొట్టినవాళ్ళు ఒకరు, మీటలు కొట్టేవాళ్ళు ఇంకొకరు. ఇందులో తప్పుందని వాళ్ళకే కాదు, ఆడవాళ్ళకీ తోచలేదు. మిషన్ అంటే మగవాడి వ్యవహారం అనుకున్నారు.

ఇంతలో విదేశంలో పప్పు కొనే కంపెనీ ఒకటి కూర్మారావు గారికి ఒక షరతు పెట్టింది. మీ పనివాళ్ళకు డబ్బు వ్యవహారాలు నేర్పించండి, నేర్పించినట్టు ఫోటోలు పంపించండి, లేకపోతే సరుకు వద్దు అంది. కూర్మారావు గారికి ఆ క్షణాన స్త్రీల అభ్యున్నతి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక క్యాంటీన్ షెడ్డులో క్లాసు అని బోర్డు రాయించారు. ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి ప్రసూన మేడమ్ వచ్చింది. విజయనగరం అమ్మాయి, పెళ్ళి కాలేదు, చేతినిండా చార్టులు, గొంతునిండా ఉత్సాహం.

మొదటి క్లాసులో ఆవిడ చక్రవడ్డీ గురించి చెప్పింది. అన్నం తిన్న వేళ, పైన రేకులు, పక్కన ఫ్యాను. చక్రం తిరుగుతుండగానే సగం మంది నిద్రపోయారు. బీమా దగ్గరకి వచ్చేసరికి మిగతావాళ్ళు కూడా వాళ్ళను కలిశారు. ప్రసూన మేడమ్ తెలివైనది. మరుసటి వారం చార్టులు మానేసి, అందరూ మీ మీ ఏటీఎం కార్డులు తీసుకురండి అంది.

ఆ వచ్చే శనివారం ఒక్క పోలమ్మ తెచ్చింది.

పోలమ్మ ఫ్యాక్టరీలో అందరికన్నా పెద్దది. అందరూ పెద్దమ్మా అని పిలుస్తారు. ఇన్నేళ్ళు పిక్కలు వేయించే డ్రమ్ము పక్కన పనిచేసి చెవులు మందగించాయి. మోకాళ్ళు అరిగాయి. నోరు మాత్రం కొత్తదానిలా ఉంది. మిగతావాళ్ళ కార్డులేవి అని మేడమ్ అడిగితే అందరూ నేలచూపులు చూశారు. పోలమ్మే జవాబు చెప్పింది.

"ఆల్ల కార్డులు ఆల్ల మొగుళ్ళ కాడున్నాయమ్మా. నాకీ కార్డు రావాలంటే మాయన పోవలిసొచ్చింది."

మేడమ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాసేపు బోర్డు తుడిచింది, బోర్డు మీద ఏమీ లేకపోయినా. కార్డులు లేవు, ఏటీఎం దాకా ఇంతమందిని తీసుకెళ్ళనివ్వరు, పైగా వీళ్ళలో చాలామందికి ఆ మిషన్ అంటే భయం. తప్పు మీట నొక్కితే పోలీసులు వస్తారని ఒకావిడ నమ్మకం. అలా ఆలోచిస్తూ మేడమ్ గొడౌన్ వైపు చూసింది. నన్ను చూసింది. మూడో ఉద్యోగానికి నాకు ఇంటర్వ్యూ అదే.

గోనెసంచులు బయటికి లాగి, చీపురుతో దులిపి, నన్ను క్యాంటీన్‌లో నిలబెట్టారు. మేడమ్ కత్తితో నా ముఖాన ఒక కిటికీ కోసింది, అది తెర. దాని కింద సన్నగా రెండు గాట్లు పెట్టింది, ఒకటి కార్డు పెట్టేది, రెండోది డబ్బు వచ్చేది. స్కెచ్ పెన్నుతో అంకెల మీటలు గీసింది. శుభలేఖ అట్టలు కత్తిరించి కార్డులు చేసింది. పాత క్యాలెండర్ కాగితాలు కోసి నోట్లు చేసింది. వెనకవైపు తలుపులా తెరిచి, లోపల స్టూలు వేసి, పిక్కలు కొట్టలేని పోలమ్మను కూర్చోబెట్టింది. ఫ్రిజ్ మోసినప్పుడు కూడా నాకు అంత బరువు అనిపించలేదు, కానీ అంత గౌరవం కూడా అనిపించలేదు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. మీటలు బయట గీశారు, పోలమ్మ లోపల ఉంది. బయట ఎవరు ఏది నొక్కారో ఆవిడకు కనపడదు. అందుకని మేడమ్ ఒక పద్ధతి పెట్టింది. మీట నొక్కుతూ ఆ అంకె నోటితో చెప్పాలి. పోలమ్మకు చెవులు మందం కనక గట్టిగా చెప్పాలి. అలా ప్రతి శనివారం మేడమ్ ముందు 'మీ పిన్ను ఎవరికీ చెప్పకూడదు, కన్నబిడ్డకు కూడా చెప్పకూడదు' అని పాఠం చెప్పేది. ఆ తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి, షెడ్డు రేకులు అదిరిపోయేలా వాళ్ళ చేత పిన్ను అరిపించేది. చదువుకున్నవాళ్ళు ఒక చేత్తో చెప్పి రెండో చేత్తో చెరిపేస్తారని నేను నా జవాబు పత్రాల నాటి నుంచీ గమనిస్తూనే ఉన్నాను.

పోలమ్మ మిషన్‌గా బాగా రాణించింది. మామూలు ఏటీఎం ఎంత అడిగితే అంత ఇస్తుంది. పోలమ్మ ఏటీఎం 'అంత దేనికే?' అని అడిగేది. నచ్చని మనిషి వస్తే 'నగదు నేదు, రేపు రా' అనేది. ఆడవాళ్ళకు భయం పోయింది. నా మీటల మీద బూడిద వేళ్ళ మచ్చలు పడ్డాయి. వాళ్ళెవరో మిషన్లకు తెలీదేమో, నాకు మాత్రం బాగా తెలుసు.

వాళ్ళలో దాలమ్మ అనే ఆవిడ ఉంది. సన్నగా ఉంటుంది, తక్కువ మాట్లాడుతుంది. పిక్క కొడితే పప్పు విరగకుండా రెండు బద్దలూ కలిసి వస్తుంది. ఆవిడకు ఒకటే కోరిక, స్నానాలగదికి తలుపు.

నవ్వకండి. ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో వాళ్ళింటి వెనక స్నానాలగది, మరుగుదొడ్డి కలిపి కట్టారు. గోడలు లేచాయి, పైన రేకు పడింది, తలుపు దగ్గరికి వచ్చేసరికి డబ్బు అయిపోయింది. వచ్చే జీతానికి పెట్టిద్దాం అన్నాడు ఆవిడ మొగుడు జోగారావు. అలా రెండేళ్ళ నుంచి ప్రతి జీతానికీ అంటున్నాడు. జోగారావు చెడ్డవాడు కాదు, తాగడు, కొట్టడు. ఆయనకు ఫ్లెక్సీల పిచ్చి. ఊళ్ళో చిన్న నాయకుడు ఒకాయన ఉన్నాడు. ఆయన పుట్టినరోజుకి, ఆయన పెళ్ళిరోజుకి, ఆయనకు జ్వరం తగ్గిన రోజుకి జోగారావు సెంటర్‌లో ఫ్లెక్సీ కట్టిస్తాడు. మధ్యలో నాయకుడు, కింద మూల నమస్కారం పెడుతూ జోగారావు, పక్కన 'మీ జోగారావు' అని ఎర్ర అక్షరాలు. ఆ అక్షరాల రంగు నుంచి కట్టే తాడు దాకా దాలమ్మ కొట్టిన పిక్కలే. సొమ్మొకరిది, సోకొకరిది. పండగ అయిపోయాక ఆ ఫ్లెక్సీలను ఏంచేస్తారు మరి? ఒకటి తెచ్చి జోగారావే స్నానాలగది గుమ్మానికి తెరగా కట్టాడు. గాలి వీస్తే తెర ఎగిరిపోతుంది. అందుకని దాలమ్మ ఎండావానా అనకుండా తెల్లారకముందే, చీకట్లో, చీరతోనే నాలుగు చెంబులు కుమ్మరించుకుని వచ్చేస్తుంది. వెనక వీధికి దారి ఉంది, అందరూ అటే వెళతారు. ఇదంతా ఆవిడ ఒకసారి పోలమ్మకు చెప్పుకుంటుంటే విన్నాను. చెప్పేటప్పుడు మాత్రం గొంతు బాగా తగ్గించింది, పోలమ్మ నాలుగుసార్లు ఏటీ ఏటీ అని అడగాల్సి వచ్చింది.

ఒక శనివారం మేడమ్ కార్డు పోతే ఏంచేయాలో చెబుతోంది. బ్యాంకుకు వెళ్ళి చెబితే పాతది ఆపేస్తారు, కొత్తది ఇస్తారు, ఖాతా మీ పేరున ఉంది కనక మీరు అడిగితే చాలు అంది. దాలమ్మ లేచి నిలబడింది. క్లాసులో ఆవిడ నోరు తెరవడం అదే మొదలు.

"పోకపోతే ఏటి సెయ్యాలమ్మా?"

పోకపోతే మీ దగ్గరే ఉంటుంది కదమ్మా అంది మేడమ్.

"నా కాడ నేదు. పోనూ నేదు."

మేడమ్ బోర్డు మీద బ్యాంకుకు ఏమేం తీసుకెళ్ళాలో రాయడం మొదలుపెట్టింది. ఆ వారమే దాలమ్మ పోలమ్మను వెంటబెట్టుకుని, సగంపూట జీతం పోగొట్టుకుని బ్యాంకుకు వెళ్ళింది. కార్డు ఎక్కడ పోయిందని గుమాస్తా అడిగితే మా ఆయన జేబులో అందట. గుమాస్తా నవ్వి, పోయింది అని రాసుకున్నాడట. ఖాతాకు ఉన్న ఫోను నంబరు కూడా జోగారావుది తీయించి తనది రాయించింది. చిన్న ఫోను, మీటలది. కొత్త కార్డు చేతికిచ్చి, అక్కడి అమ్మాయి దగ్గరుండి కొత్త పిన్ను పెట్టించింది. ఈ సంగతులన్నీ పోలమ్మ నా కడుపులో కూర్చునే అందరికీ చెప్పింది, లోపలినుంచి చెబితే ఆవిడ మాటకు విలువ ఎక్కువని ఆవిడ ఉద్దేశం.

జీతాలు పడ్డాయి. దాలమ్మ పని దిగగానే కాశీబుగ్గ వెళ్ళింది. ఆవిడ వెళ్ళేసరికి జోగారావు మిషన్‌తో తగువులాడి ఓడిపోయి బయట నిలబడి ఉన్నాడు, తన జేబులోది చచ్చిన కార్డని ఆయనకు అప్పటికి తెలీదు. పెళ్ళాం కొత్త కార్డుతో లోపలికి వెళ్ళేసరికి నోరు తెరుచుకుని చూశాడు. ఆ గదికి అద్దం తలుపు ఎప్పుడో ఊడిపోయింది. మగపెళ్ళివారంతా చూస్తున్నారు. దాలమ్మ కార్డు పెట్టింది, మేడమ్ నేర్పినట్టే ఒక్కో మీటా నొక్కుతూ, లోపల ఉన్న పోలమ్మకు వినపడేలా, నాలుగు అంకెలూ గొంతెత్తి చెప్పింది. తర్వాత ఎంత కావాలో కూడా చెప్పింది.

లోపల పోలమ్మ లేదు. వెనకాల జోగారావు ఉన్నాడు.

డబ్బు అంతా ఒకేసారి తీసి ఇంట్లో పెట్టుకోకండని మేడమ్ చెప్పింది కనక దాలమ్మ బియ్యానికీ కూరలకీ సరిపడా తీసుకుని, తలుపు డబ్బు ఖాతాలో ఉంచి, ఇంటికి వెళ్ళి కార్డు బియ్యం డబ్బాలో దాచింది. ఒంటిగది ఇంట్లో దాచడానికి ఇంకో చోటు లేదు, ఆ సంగతి ఆ ఇంట్లో ఇద్దరికీ తెలుసు. రెండు రోజుల తర్వాత సెంటర్‌లో కొత్త ఫ్లెక్సీ లేచింది. ఈసారి జోగారావు బొమ్మ మూల నుంచి కాస్త మధ్యకు జరిగింది, సైజు కూడా పెరిగింది.

ఆ శనివారం దాలమ్మ క్లాసుకు వచ్చి నా ముందు నిలబడి ఏడ్చింది. ఏడుపు కూడా చప్పుడు లేకుండా ఏడ్చింది. కిటికీలోంచి పోలమ్మ చెయ్యి బయటపెట్టి ఆవిడ భుజం పట్టుకుంది. ఏం జరిగిందో విని మేడమ్ తల పట్టుకుంది. మీటలు నొక్కుతూ బయటికి చెప్పమని మీకు ఎవరు చెప్పారమ్మా అని అడగబోయి, మధ్యలో ఆగి, కూర్చుండిపోయింది. అందరూ నా వైపు చూశారు. నన్నెందుకు చూడాలి? నేను అట్టపెట్టెను. నాలో మనిషిని కూర్చోబెట్టింది మీరు. ఆ మనిషికి చెవుడు ఉండటం నా తప్పా?

పిన్ను మార్చుకుందాం, ఇకనుంచి నోరు మూసుకుని నొక్కుదాం అంది మేడమ్. మంచి సలహానే. ప్రయత్నించారు. ఎవరి వల్లా కాలేదు. ఇన్ని వారాలు నోరూ వేలూ కలిసి పనిచేశాయి. నోరు ఆపితే వేలు ఆగిపోతోంది. ఒకావిడ పెదాలు బిగించి నొక్కబోయి, మూడో మీట దగ్గర గాలి వదిలేసి అంకె అరిచేసింది. అంకెలు చదవడం రానివాళ్ళు కొందరు, చెప్పుకుంటేనే మీట దొరుకుతుంది వాళ్ళకు. మేడమ్ విసిగిపోయింది. అప్పుడు నా కడుపులోంచి పోలమ్మ అంది.

"నోరుని ఆపకండే. అబద్దం సెప్పించండి."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరి ముఖాలూ వెలిగాయి. నోటితో ఒకటి చెప్పాలి, వేలితో ఇంకొకటి నొక్కాలి. వినడానికి తేలిగ్గా ఉంది, మీరోసారి చేసి చూడండి. ఆ నెలంతా క్యాంటీన్‌లో నడిచిన తమాషా నేను చెప్పలేను. ఏడు అని అరుస్తూ రెండు వెతుక్కునేవాళ్ళు. నాలిక వేలిని లాక్కుపోయేది, వేలు నాలికను లాక్కుపోయేది. పోలమ్మ లోపలినుంచి తప్పులు పట్టడానికి వీల్లేదు కనక మేడమ్ పక్కన నిలబడి వేలు చూసేది. తర్వాత తర్వాత వాళ్ళకు అది అలవాటైంది, సరదా కూడా అయింది. నిజాయితీగా బతకమని చెప్పే క్లాసులో ఒక షిఫ్టు షిఫ్టంతా అబద్ధాలు కంఠతా పట్టడం చూసి నాలోని మేనిఫెస్టో ముక్కలు పులకరించాయి.

అందరికన్నా బాగా నేర్చుకున్నది దాలమ్మ. పిక్క కొట్టే చెయ్యి కదా, చెప్పినమాట వింటుంది. ఈలోగా బ్యాంకుకు వెళ్ళి పిన్ను మార్పించుకుంది.

మళ్ళీ జీతాలు పడ్డాయి. జోగారావు వెనకాల నిలబడి ఉండగానే దాలమ్మ ఏటీఎం గదిలోకి వెళ్ళి, ఎప్పటిలాగే గొంతెత్తి, ఒకటి, తొమ్మిది, ఎనిమిది, ఒకటి అని చెబుతూ, వేలితో వేరే అంకెలు నొక్కింది. వడ్రంగికి అడ్వాన్సుకు సరిపడా తీసుకుని వచ్చేసింది. మిగతాది తలుపు తయారయ్యాక ఇస్తానని చెప్పింది. కార్డు తీసుకెళ్ళి మళ్ళీ బియ్యం డబ్బాలోనే పెట్టింది.

ఆ శనివారం క్లాసు మధ్యలో జోగారావు వచ్చాడు. వాచ్‌మన్‌ని తోసుకుని వచ్చాడు. ఆయన్ని నేను చూడటం అదే మొదటిసారి. ఫ్లెక్సీలో కంటే బయట మనిషి కాస్త చిన్నగా ఉన్నాడు. చొక్కా ఇస్త్రీ నలగలేదు, ముఖం మాత్రం నలిగి ఉంది.

"మేడమ్ గారూ, ఏటి నేర్పిస్తన్నారు మా ఆడోల్లకి? మిషన్లు పాడైపోతన్నాయి."

ఏ మిషనండీ అని అడిగింది మేడమ్.

"కాశీబుగ్గ ఏటీఎం. కార్డెడితే తప్పు నంబరంటంది. మూడుమాట్లు కొట్టాను. ఇంక రేపు రమ్మంది."

ఎవరి కార్డండీ అంది మేడమ్, చాలా మెత్తగా. జోగారావు చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది. తేలు కుట్టిన దొంగ పరిస్థితి. చెబితే దొంగతనం బయటపడుతుంది, చెప్పకపోతే వచ్చిన పని కాదు. అప్పుడు నా కిటికీలోంచి మిషన్ మాట్లాడింది.

"అల్లుడా, పిన్ను సెప్పు."

ఆయన ఉలిక్కిపడి నా వైపు తిరిగాడు. ఎవరు అడిగారో చూసుకోలేదు. మిషన్ అడిగితే చెప్పే అలవాటు ఆయనకు మాత్రం లేదా? ఒకటి, తొమ్మిది, ఎనిమిది, ఒకటి అని ఇంతమంది ముందు వరసగా చెప్పేశాడు.

"తప్పు నంబరు" అంది పోలమ్మ.

జోగారావు దాలమ్మ వైపు తిరిగాడు. కోపంగానే తిరిగాడు, పాపం, న్యాయం తన పక్కనే ఉందన్న నమ్మకంతో.

"నువ్వదే గదే కొట్టినావు? నా సెవుల్తో ఇన్నాను."

ఎవరూ నవ్వలేదు. తను ఏం అన్నాడో ఆయనకు ఇంకా అర్థం కాలేదు. అందరికీ అర్థమయ్యాక, అందరి ముఖాలూ చూశాక, ఆయనకూ అర్థమైంది. దాలమ్మ చేతుల మీది బూడిద కొంగుకు తుడుచుకుని లేచింది. ఈసారి గొంతు తగ్గించలేదు.

"రెండేళ్ళయింది మావా. నీ బొమ్మ ఎనకాల తానం సేత్తన్నాను. గాలొస్తే నువ్వు పక్కకి తప్పుకుంటన్నావు. నీకేం సిగ్గు నేదు. నాకుంది."

ఆ మాటకి జోగారావు తల దించుకున్నాడు. అంత పెద్ద మనిషి, సెంటర్‌లో పన్నెండడుగుల ఎత్తున నవ్వేవాడు, చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. నాకు కొంచెం జాలేసింది, కొంచెమే. మొగుణ్ణి పదిమందిలో అంత మాట అనడం దాలమ్మ బతుకులో అదే మొదటిసారి. అన్నందుకు సాయంత్రం ఇంట్లో ఏమవుతుందో అన్న భయం ఆవిడ ముఖంలో నాకు స్పష్టంగా కనపడింది. అయినా కూర్చోలేదు.

"తలుపుకి అడ్వాన్సిచ్చీసినాను. మిగతాది తలుపయినాక ఇచ్చెత్తాను. కార్డు తెచ్చినావా?"

జోగారావు చొక్కా జేబులోంచి కార్డు తీశాడు. ఆవిడ చెయ్యి చాపలేదు. ఆవిడకు ఇవ్వాలో, మేడమ్‌కి ఇవ్వాలో, కిందపెట్టాలో ఆయనకు పాలుపోలేదు. అటూ ఇటూ చూసి, ఎదురుగా ఉన్న నా గాట్లో పెట్టేశాడు. పోలమ్మ లోపలినుంచి లాక్కుంది. ఇన్నాళ్ళూ శుభలేఖ ముక్కలు మింగిన నాకు నిజమైన కార్డు దక్కింది అదొక్కటే. పోలమ్మ దాన్ని డబ్బు వచ్చే గాట్లోంచి బయటికి తోసింది. దాలమ్మ తీసుకుని జాకెట్లో పెట్టుకుంది. జోగారావు వచ్చినదారినే వెళ్ళిపోయాడు, ఈసారి వాచ్‌మన్‌కి దారిచ్చి.

ఆ సాయంత్రం ఇంట్లో ఏమీ జరగలేదని సోమవారం తెలిసింది. ఆయన అన్నం తినలేదట. ఆవిడ తిందట.

ఆ తర్వాత విదేశీ కంపెనీవాళ్ళు వచ్చారు. కూర్మారావు గారు నా మీట నొక్కుతూ ఫోటో దిగారు. సరుకు వెళ్ళింది, సర్టిఫికెట్ వచ్చింది, దానికి అద్దం బిగించి ఆఫీసులో తగిలించారు. కూర్మారావు గారికి స్త్రీల అభ్యున్నతి మీద ప్రేమ తీరిపోయింది. ప్రసూన మేడమ్‌ని వేరే ఫ్యాక్టరీకి పంపారు. వెళ్ళేరోజు ఆవిడ నా మీద చెయ్యి వేసి నిలబడింది, తర్వాత పోలమ్మను వాటేసుకుని ఏడ్చింది. నన్ను బాయిలర్‌లో వేసేయమన్నారు. జీడితొక్కలతోపాటు నేనూ బాగా మండుతానట. మంట అంటే అట్టపెట్టెకు ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. నాకు భయం వేసింది.

దాలమ్మ వచ్చి నన్ను ఇమ్మని మేనేజర్‌ని అడిగింది. దేనికి అంటే, గుమ్మానికి సిమెంటు వేశారు, పచ్చిది, ఎవరూ తొక్కకుండా పరచడానికి అంది. ఆయన తీసుకుపొమ్మన్నాడు. ఆవిడ నా అంచులు విప్పి, చదునుగా మడిచి, తలమీద పెట్టుకుని తీసుకెళ్ళింది. బ్యాంకు ఉద్యోగం చేసినవాడు కాలికింద పట్టాగా రిటైరవడం మామూలుగా అయితే అవమానమే. బాయిలర్ చూసి వచ్చినవాడికి కాదు.

ఇప్పుడు నేను వాళ్ళింటి వెనక, స్నానాలగది గుమ్మం ముందు పరుచుకుని ఉన్నాను. ఈ మధ్యాహ్నమే వడ్రంగి తలుపు బిగించాడు. వేపచెక్క తలుపు, లోపలొకటి బయటొకటి గొళ్ళాలు. దుకాణం నుంచి దాన్ని జోగారావే తలమీద మోసుకొచ్చాడు. ఎవరూ మోయమనలేదు. మోసినందుకు ఒక చిన్న కోరిక కోరాడు, తలుపు మీద నాయకుడి స్టిక్కరు, చేతెడంతది, అంటించుకోనా అని. దాలమ్మ వద్దంది. ఆయన ఇంకోసారి అడగలేదు.

వడ్రంగి వెళ్ళిపోయాడు. దాలమ్మ రెండుమూడుసార్లు తలుపు తెరిచింది, వేసింది. గొళ్ళెం లాగి చూసింది. తర్వాత బకెట్‌తో నీళ్ళు, తువ్వాలు, సబ్బు తెచ్చుకుంది. నడిమధ్యాహ్నం. వెనక వీధిలో జనం తిరుగుతున్నారు. నా మీద అడుగేసి, లోపలికి వెళ్ళి, తలుపు మూసింది. గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది.

చాలాసేపైంది. మొదట నీళ్ళ చప్పుడు వచ్చింది, తర్వాత అదీ ఆగిపోయింది. జోగారావు వచ్చి, ఏటే, ఇంకా కాలేదా అని రెండుసార్లు పిలిచాడు. ఆవిడ పలకలేదు. ఆయన కాసేపు నిలబడి, అరుగు మీద కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ వాళ్ళ సంగతులన్నీ చూసి, విని, మీకు చెబుతూ వచ్చాను. ఇప్పుడు లోపల ఆవిడ నవ్వుతోందో, ఏడుస్తోందో, ఊరికే కూర్చుని ఉందో చెప్పమంటే చెప్పలేను. తలుపు వేసి ఉంది.